కోతా, పన్నూ మా ఇంటికే వచ్చిన ఏడు

మొన్న టీవీలో సర్కారు అప్పు మీద రెండు పార్టీలవాళ్లు చేస్తున్న లొల్లి కొంచెంసేపు విని, పానం విసిగి కట్టేసిన. మన ఈడువాళ్లం ఇటువంటివి ఎన్ని వినలేదు గనుక! కండ్లు మూసుకుంటే మాత్రం నా మొదటి నౌకరీ యాదికొచ్చింది.

రెండో ప్రపంచ లడాయికి ముందు, ధరలు పడిపోయి ఉస్మాన్‌గంజ్‌కు వచ్చే సరుకు బండ్లు తగ్గిన రోజులవి. గంజ్ సరుకు మీద పన్ను వసూలు చేసే సర్కారీ దఫ్తరులో, ఉర్దూ దస్తూరి బాగుందన్న ఒక్క గుణానికి, నకళ్లు రాసే గుమాస్తాగా చేరిన. పెట్టించింది అక్కడే చప్రాసీగా ఉన్న మా చిన్నాయన. బాపుకు గంజ్‌లోనే చింతపండు దుకాణం.

రాబడి చాలక, అప్పు తెచ్చి జీతాలిచ్చే దఫ్తరుకు ఇద్దరు పెద్దలు. ఒకాయన రూమీ టోపీ పెట్టేవాడు, ఇంకొకాయన పగిడీ చుట్టేవాడు. పన్ను పెంచొద్దు, నౌకర్లను తగ్గించాలని టోపీ సాబ్, బీదల పొట్ట కొట్టుడేంది, పన్ను పెంచితే చాలదా అని పగిడీ సాబ్, ఏండ్ల తరబడి కాగితాల మీదనే కొట్లాడుకున్నరు. చివరికి పైనుంచి గట్టి తాకీదు వచ్చినంక, మూడు రోజులు ఒకే గదిల కూచొని, ముందుగాల తమ సవారీ బండ్ల ఖర్చులే కొట్టేసుకొని, చెరి సగం దిగివచ్చి రాజీపడ్డరు.

ఆ రాజీ కాగితానికి సాఫు నకలు రాసింది నేనే. తీసేసే చప్రాసీలల్ల మూడో పేరు చిన్నాయనది. పన్ను పెరిగే సరుకుల్లో చింతపండు. ఆ పేరు విడిచిపెడితే ఎవరికి తెలుస్తదనిపించింది గాని, ఆ జాగాల ఇంకో ఇంటాయన పేరు ఎక్కుతదని తోచి, రాసేసిన.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున ఇద్దరు సాబులు, ఈ మాట తామే ఎదురుగ చెప్పాలని, నడుచుకుంటనే హుస్సేనీ ఆలం గల్లీల మేమందరం కలిసుండే ఇంటికొచ్చి నులకమంచం మీద కూచున్నరు. కోత వద్దన్న పగిడీ సాబే చిన్నాయనకు కోత సంగతి చెప్పిండు, పన్ను వద్దన్న టోపీ సాబే బాపుకు పన్ను సంగతి చెప్పిండు. "ఇది ఇద్దరి మాట, మాఫ్ చెయ్యి భాయ్" అన్నడు పగిడీ సాబ్. చిన్నాయన "చాయ్ తాగి పోండి సాబ్" అన్నడు.

వాళ్లు పోయినంక నన్ను పిలిచి, నకలు రాసింది నువ్వేనా అని అడిగిండు. అవునన్న.

"మంచిగనే రాసి ఉంటవ్ లే" అన్నడు.

మూడేండ్లకు దఫ్తరు అప్పు తీరింది, అందరూ మెచ్చుకున్నరు. చిన్నాయన మాత్రం బాపు దుకాణంలో మూటలు మోసి మోసి నడుము విరిగి మంచం పట్టిండు. పోయిన నౌకరీ మళ్లా రాలేదు. ఆ రాజీ న్యాయమో కాదో ఇన్నేండ్లకూ నాకు తేలలేదు, ఇక తేల్చుకునే ఓపికా లేదు. ఇప్పుడూ కోతలు పడుతున్నయి, పన్నులు పెరుగుతున్నయి. ఇదేంది సాబ్ అని అడుగుదామంటే, చాయ్ ఇచ్చి కూచోబెడదామంటే, ఇంటికొచ్చి చెప్పే మనిషే ఎదురుగ ఉండడు.