మెటల్ పాటల గుంపులో నుంచి నన్ను పట్టుకొన్న చెయ్యి

ఇంటి గడప దాటడానికి కూడా భయపడిన మనిషిని నేను. ఈ పొద్దు మీ ముందర నిలబడి మైకు పట్టుకొని మాట్లాడుతున్నానంటే, సహోదరులారా, అది నా ధైర్యం కాదు, దేవునికే మహిమ.

నా పేరు గీత. పుట్టింది, పెరిగింది అంతా రాజపాళయంలోనే. మా నాయన మిల్లులో నూలు వడికే మెషిన్ల దగ్గర పని చేసినాడు, నేను చదువుకొని ఇంకొక మిల్లులో నూలు గట్టితనం పరీక్ష చేసే ల్యాబులో చేరినాను. నాయన పోయినాక ఇంట్లో అమ్మ, నేను, అంతే. అమ్మ చాలా కాలంగా విశ్వాసి, నేను అమ్మ వెనకాల వచ్చి సభలో కూర్చొనేదాన్ని, అంతకు మించి లేదు.

ఒక సాయంత్రం తళవాయిపురంలో ఒక పెండ్లి చూసుకొని బస్సులో వస్తా ఉన్నాను, నిలబడడానికి కూడా చోటు లేని జనం, ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోను మొదలుపెట్టింది, చేతులు చల్లబడినాయి, ఊపిరి లోపలికి పోవడం లేదు, ఇదే నా కడపటి గడియ అనుకొన్నాను. ఆస్పత్రిలో అన్నీ చూసిన డాక్టరమ్మ, గుండె బాగుంది, ఇది భయం వల్ల వచ్చే జబ్బు అని చెప్పి మాత్రలు ఇచ్చింది. మాత్రలతో నిద్ర వచ్చింది గానీ భయం పోలేదు. అది మళ్ళీ వస్తుందేమో అనే భయమే పెద్ద జబ్బు అయిపోయింది. మొదట బస్సు ఎక్కడం మానుకొన్నాను, తరువాత మార్కెట్టుకు పోవడం, తరువాత మిల్లు, కడపటికి ఈ సభకు రావడం కూడా నిలిపేసినాను. వీధి తలుపు దాకా పోయి, గొళ్ళెం మీద చెయ్యి పెట్టి, అట్లే వెనక్కి వచ్చి మంచం మీద కూర్చొనేదాన్ని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాల, కొందరికి నవ్వు రావచ్చు. నాకు హెవీ మెటల్ పాటలంటే ప్రాణం. కరెంటు గిటార్లు, పిడుగు మాదిరి డ్రమ్ములు, గొంతు చించుకొని పాడేవాళ్ళు, ఆ పాటలే. పాలిటెక్నిక్ హాస్టల్లో పక్క మంచం అమ్మాయి ఒక సారి నా చెవిలో ఇయర్‌ఫోను పెట్టింది, అందరూ తలనొప్పి అనే ఆ శబ్దం నాకు మాత్రం ఇల్లు మాదిరి తోచింది. మిల్లు గోడ పక్కన పెరిగిన పిల్లను, రాత్రి పగలు మెషిన్ల చప్పుడులోనే నిద్ర పోయినదాన్ని. అయితే మన ఊళ్ళో ఈ పాటల గురించి మాట్లాడడానికి నాకు ఒక్కరు కూడా లేరు.

నాకు జబ్బు వచ్చినాక ఒక సహోదరి ఇంటికి వచ్చి, ప్రేమతోనే చెప్పింది, "ఆ పాటల వల్లనే నీకు ఈ భయం పట్టింది గీతా, వాటిని విడిచిపెట్టు" అని. నేను నమ్మినాను. ఫోనులో ఉన్నవన్నీ తీసేసినాను. ఇల్లు నిశ్శబ్దమైపోయింది, భయం మాత్రం తగ్గలేదు. ఆ నిశ్శబ్దంలో నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు, పొద్దంతా దాన్నే వింటా కూర్చొన్నాను.

మన పాస్టరయ్య చూడను వచ్చినప్పుడు ఏడ్చి ఇదంతా చెప్పినాను. ఆయన అన్నాడు, "నాకు ఆ పాటలు అర్థం కావమ్మా. ఏది విడవాలో, ఏది ఉంచుకోవాలో నువ్వే ప్రభువును అడుగు. మనుషులు భయపెట్టినారని విడిచిపెట్టేది విడుదల కాదు, అది ఇంకొక భయం." ఆయన పోయినాక మంచం మీద కూర్చొని ప్రార్థన చేసినాను. మన బైబిలు అరవంలో చదువుతాము గానీ, ఆ పొద్దు నోటికి వచ్చింది ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగే. "ప్రభువా, నాకు బయటికి పోను చేత కాలేదు. నువ్వే ఎవరినైనా లోపలికి పంపు." అంతే నా ప్రార్థన.

దేవుడు పంపినాడు. తలుపు తట్టించి కాదు, ఫోనులో పంపినాడు. తీసేసిన పాటల్లో ఒకదాన్ని మళ్ళీ వెతుకుతా ఉంటే, ఈ పాటలు ఇష్టపడేవాళ్ళు దేశం నలుమూలల నుంచి చేరి మాట్లాడుకొనే ఒక గుంపు నాకు కనబడింది. అందులో ఎవరో అడిగి ఉన్నారు, నీకు ఈ సంగీతం మొదట ఎక్కడ పరిచయమైంది అని. నేను మిల్లు చప్పుడు గురించి రాసినాను. అంతకు ముందు ఎవరికీ చెప్పని మాట అది. చాలా మంది బదులు రాసినారు. అందులో ఒకడు శ్రీవిల్లిపుత్తూరు సెల్వం, పాలకోవా చేసే కుటుంబం, "అక్కా, ఇంత దగ్గరలో ఒకరు ఉన్నారని తెలియకుండా ఇన్నేండ్లు ఉండినాను" అని రాసినాడు. ఇంకొక అమ్మాయి రూతి, ఎక్కడో మిజోరం కొండల్లో స్కూలు టీచరు, ఆదివారం చర్చిలో డ్రమ్ములు కొడుతుంది, మిగతా రోజుల్లో స్నేహితుల బ్యాండులో ఇవే పాటలకు కొడుతుంది. చర్చిలో డ్రమ్ము కొట్టే చేతులే ఈ పాటలకూ కొడతాయా అని నేను ఆశ్చర్యపోయినాను. నాకు వచ్చిన ఇంగ్లీషుతో ఆమెతో మాట్లాడను మొదలుపెట్టినాను, పాటల్లో మొదలై, మెల్లగా ఇంట్లో సంగతుల దాకా పోయినాము. ఒక మధ్యాహ్నం అమ్మకు కూడా ఒక పాట వినిపించినాను, అమ్మ ముఖం చిట్లించి కొంచెం సేపు విని, "మీ నాయన రోజూ ఇట్లాంటి చప్పుడులోనే నిలబడి మనకు అన్నం పెట్టినాడు" అనింది.

ఒక రోజు రూతికి నా భయం గురించి చెప్పినాను, నా గుండె మీ డ్రమ్ముల మాదిరి కొట్టుకొంటుంది, దాన్ని ఆపలేక చచ్చిపోతున్నాను అని. ఆమె బుద్ధి చెప్పలేదు. "అంత వేగంగా కొట్టేటప్పుడు డ్రమ్ము పెడల్ మీద కాళ్ళు పరుగెత్తుతాయి, భుజాలు మాత్రం వదులుగా పెట్టుకోవాల, భుజాలు బిగిస్తే నేను పడిపోతాను. నీ గుండెను పరుగెత్తనీ గీతా, దాన్ని తరుమవద్దు" అనింది. తరువాత ఫోనులోనే తన భాషలో నా కోసం ప్రార్థన చేసింది. నా పేరు, ప్రభువు పేరు, కడపట ఆమెన్, ఇవి తప్ప ఒక్క మాట నాకు అర్థం కాలేదు, కానీ కండ్ల నీళ్ళు ఆగలేదు.

ఇట్లా ఉండగా కంటి ఆపరేషను కోసం రూతి తన నాయనను మదురైకి తోడుకొని వచ్చింది. అరవం తెలియదు, మనుషులు తెలియరు, ఆయన తమ కొండలు దిగి ఇంత దూరం ఎప్పుడూ వచ్చినవాడు కాదు. రూతి నన్ను రమ్మని అడగలేదు. నా సంగతి తెలిసిన పిల్ల, ఎట్లా అడుగుతుంది? "ఇక్కడ నర్సులు చెప్పేది నాయనకు అర్థం కాక భయపడతా ఉన్నాడు, ప్రార్థన చెయ్యి" అని మాత్రం చెప్పింది. నేను మోకాళ్ళ మీద ఉన్నాను గానీ నోట ప్రార్థన రాలేదు, సహోదరులారా. భయమంటే ఏమిటో తెలిసినదాన్ని, అక్కడ ఒక ముసలాయన కంటికి కట్టుతో భయపడతా ఉంటే నేను ఇక్కడ మాటలు చెప్పేదా అని లోపల అడిగినట్టయింది. లేచి సెల్వానికి ఫోను చేసి సంగతి చెప్పినాను, తరువాత అమ్మతో, మదురైకి పోతాను అన్నాను. అమ్మ నన్ను చూసి, "నేను కూడా రానా?" అనింది. "వద్దమ్మా, సెల్వం శ్రీవిల్లిపుత్తూరులో ఎక్కుతానన్నాడు. అంత దాకా దేవుడు ఉన్నాడు" అన్నాను. ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

బస్సు ఎక్కినాను. ఊరు దాటక ముందే అది వచ్చింది, అదే గుండె, అదే చల్లని చేతులు. భుజాలు వదిలిపెట్టి, ప్రభువా, ప్రభువా అంటా ఎట్లో శ్రీవిల్లిపుత్తూరు దాకా వచ్చినాను, అంతకు మించి తాళలేక అక్కడే దిగిపోయినాను. గెలిచినానని చెప్పడానికి నాకు ఆశే, కానీ జరిగింది అది. సెల్వం నల్ల టీ షర్టు వేసుకొని, నుదుట విభూతితో, చేతిలో పాలకోవా డబ్బాతో నిలబడి ఉన్నాడు. అతని ముఖం చూడడం అదే మొదటి సారి. "నా వల్ల కాదు తంబీ, నేను ఇంటికి పోతాను" అన్నాను. అతను సరేనక్కా అనలేదు, వద్దక్కా అనలేదు. "మొదట టీ తాగుదామక్కా. మదురై బస్సులు పొద్దంతా ఉన్నాయి, ఇది కాకపోతే ఇంకొకటి" అన్నాడు. బస్సులు వచ్చినాయి, పోయినాయి. అతను ఏ బస్సునూ చూపించలేదు, ఏ పాటలో గిటారు బాగుంటుందో చెప్తా నిలబడినాడు. మన సభవాడు కాదు, మన ప్రార్థన తెలియనివాడు, కానీ దేవుడు నా కోసం ఆ పొద్దు నిలబెట్టిన మనిషి అతనే. కొంచెం సేపటికి చేతులు వెచ్చబడినాయి. వచ్చిన బస్సులో నేనే ముందర ఎక్కినాను.

ఆస్పత్రిలో రూతి నన్ను చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకొని అట్లే నిలబడిపోయింది. చిన్న మనిషి, అంత పెద్ద డ్రమ్ములు ఈ చేతులేనా కొట్టేది అనిపించింది. వాళ్ళ నాయన కంటికి కట్టుతో మంచం మీద ముడుచుకొని కూర్చొని ఉన్నాడు. నర్సు అరవంలో చెప్పింది నేను రూతికి ఇంగ్లీషులో చెప్పి, రూతి వాళ్ళ భాషలో నాయన చెవిలో చెప్పి, ఇట్లా మూడు భాషలు దాటి ఆయనకు మాట చేరింది. కట్టు రేపు విప్పుతారు, చూపు వస్తుంది, భయం లేదు అని. ఆయన తడుముకొని నా చెయ్యి పట్టుకొన్నాడు. ఏమో అడిగినాడు. "ఈ అమ్మ ఎవరు అంటున్నాడు" అనింది రూతి. నువ్వు ఏం చెప్పినావు అని నేనడిగితే, "దేవుడు పంపిన మనిషి అని చెప్పినాను" అనింది. ఎవరినైనా పంపు అని ఏడ్చినదాన్ని నేను, సహోదరులారా. ఆ మాట విని అక్కడే మంచం పక్కన మోకాళ్ళూనినాను.

కట్టు విప్పినారు, ఆయన చూసినాడు, ఊరికి పోయినారు. నేను మళ్ళీ మిల్లులో చేరినాను. మాత్రలు ఇంకా వేసుకొంటున్నాను, డాక్టరమ్మ నిలిపేయమనే దాకా వేసుకొంటాను, దాంట్లో సిగ్గు లేదు. భయం ఇప్పుడూ ఒక్కొక్క సారి వస్తుంది, కానీ అది వచ్చినప్పుడు నేను ఒంటరిగా లేను. నన్ను ప్రేమించిన దేవుడు ఏ దారిన వస్తాడో నేను నిర్ణయించలేను, ఆయన కొండల మీది డ్రమ్ముల చప్పుడులోనూ వచ్చినాడు, బస్టాండు టీ కొట్టు దగ్గరా నిలబడినాడు. ఆయనకు వందనాలు.

మీ ఇంట్లో ఎవరైనా తలుపు వేసుకొని కూర్చొని ఉంటే, వాళ్ళను తిట్టవద్దు, ఏం వింటున్నావని కోపపడవద్దు. దేవుణ్ణి నమ్మి ప్రార్థనలో ఒక్క మాట అడగండి, మిగతాది ఆయన చూసుకొంటాడు. ఈ ప్రార్థన కూటం అయినాక నాకు చెప్పినా సరే, నేను మీ ఇంటికి వస్తాను. వాళ్ళు మాట్లాడకపోయినా పరవాలేదు, ఊరికే పక్కన కూర్చొంటాను.