గొర్రెబొచ్చు పెట్టి కొన్న బండి

ఆ రోజుల్లో నేను దేవుణ్ణి అడగకుండా చెప్పులు కూడా కొనేదాన్ని కాదు. ఇప్పుడు అడగనని కాదు. అడిగి, ఆయన చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చోవడం ఇప్పటికి కాస్త అలవాటైంది. అప్పుడైతే జవాబు ఏ రూపంలో రావాలో, ఎన్ని గంటలకల్లా రావాలో కూడా నేనే చెప్పేదాన్ని. (భరించిన ఆయనకు స్తోత్రం.) అది నేను పెరిగిన ఇంటి మహిమ. గుంటూరు దగ్గర మా సంఘంలో అమ్మ ముప్పై ఏళ్ళు సండే స్కూలు టీచరు. కూరలో ఉప్పు ఎక్కువైనా, పరీక్షలో మార్కులు తక్కువైనా ఆవిడ దగ్గర దానికొక బైబిలు వాక్యం సిద్ధంగా ఉండేది. ఆవిడ పెంపకంలో పెరిగి, ఎంబీబీఎస్ అయ్యాక ఐర్లండు వచ్చి, స్లైగోలో జూనియర్ డాక్టరుగా చేరి సంవత్సరం తిరక్కముందే కోవిడ్ వచ్చి పడింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ధైర్యం లేదు గానీ విశ్వాసం మాత్రం బస్తాలకొద్దీ ఉండేది.

నేనుండేది ఒక పెద్దావిడ ఇంట్లో, మేడ మీద గదిలో. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఊపిరితిత్తుల జబ్బు, పది మెట్లు ఎక్కితే పావుగంట ఆయాసం. నాకేమో వచ్చే సోమవారం నుంచి కోవిడ్ వార్డులో డ్యూటీ పడింది. నేను ఆ వార్డు నుంచి వచ్చి ఆవిడ వంటింట్లో టీ పెట్టుకోవడం అన్న ఊహకే నాకు నిద్ర పట్టలేదు. గది కోసం ఊరంతా ఫోన్లు చేశాను. ఆసుపత్రి అన్న మాట వినగానే అందరూ మళ్ళీ చేస్తామనేవారు, ఒక్కరూ చేయలేదు. చివరికి ఆవిడతోనే చెప్పాను, ఎలాగైనా వెళ్ళిపోతానని.

"ఎక్కడికి?"

"చూస్తున్నాను."

"నాకేమైనా అయితే వయసైపోయిందంటారు పిల్లా. నిన్ను రోడ్డు మీదికి తోలితే మాత్రం ఈ వీధివాళ్ళు నేను పోయాక కూడా చెప్పుకుంటారు. గ్రాండ్‌గా ఉన్నావు, ఉండు." (ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే అని.)

ఈ వాదన ప్రహరీ అవతలి నుంచి విన్నాడు పక్కింటి తాత. జీవితమంతా చెక్క పడవలు కట్టి రిటైరైన మనిషి. (నేను ఆయనకు పెట్టుకున్న పేరు పడవల తాత. ఆయనకు చెప్పలేదు.) "పెరడంతా ఖాళీగా ఉంది కదా, ఒక చిన్న మోటర్‌హోమ్ కొని అందులో పెట్టుకో. అటు వెళ్ళినట్టూ ఉంటుంది, ఇటు ఉన్నట్టూ ఉంటుంది" అన్నాడు. మోటర్‌హోమ్ అంటే నాకు తెలిసింది సినిమావాళ్ళు విశ్రాంతి తీసుకునే బండి. అందులో ఒంటరిగా, ఏడాది పొడుగునా బతకవచ్చన్నది ఆ రోజే విన్నాను.

అప్పట్లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. ఇంటావిడ గోడ మ్యాపు దించి, దాని మీద ప్లేటు బోర్లించి పెన్సిలుతో గీత గీసింది. గీతలోపల అమ్మకానికి ఉన్న మోటర్‌హోమ్‌లు రెండే. మూడోది రవ్వంత అవతల పడింది. "పెద్ద ప్లేటు తేనా?" అంది ఆవిడ. "గార్డుల దగ్గర ప్లేట్లు చెల్లవు" అన్నాడు తాత. (ఇక్కడ పోలీసులను గార్డులంటారు.)

మొదటిది చూడగానే మనసు పారేసుకున్నాను. పూల కర్టెన్లు, నీలం దీపాలు, సోఫా, బుల్లి టీవీ. తాత టీవీ వైపు చూడనైనా చూడలేదు. కిటికీ కింద గోడను బొటనవేలితో నొక్కాడు. వేలు టీలో నానిన బిస్కెట్టులోకి దిగినట్టు దిగింది. బయటికొచ్చాక, ఆరడుగుల దూరంలో నిలబడి పాఠం చెప్పాడు. "ఈ దేశంలో బండికి శత్రువు తడి. ఒక్క చుక్కకు దారి దొరికిందంటే గోడలోని చెక్కంతా పోతుంది. ఒంటరిగా ఉండే మనిషికి టీవీ ఎందుకు? పొడిగా ఉండాలి, వెచ్చగా ఉండాలి, పక్క దిగితే కాలు ఎక్కడ పడుతుందో తెలియాలి."

రెండోది మీగడరంగు చిన్న బండి. రిటైరైన దంపతులది. మామూలు వ్యాను కొని, తెలిసిన వడ్రంగి చేత లోపలంతా కట్టించుకున్నారట. ఆ వడ్రంగి ఇప్పుడు లేడు. పడుకోవడానికి ఒక పక్క, రెండు పొయ్యిలు, బుల్లి సింకు, నిలబడితే సరిపోయే బాత్రూము, గోడ పొడుగునా చిన్న చిన్న ప్రెస్సులు. (అల్మరాను ప్రెస్సు అనడం కూడా ఇక్కడే నేర్చుకున్నాను.) తాత వేలు ఎక్కడా దిగలేదు. "నాకు బాగానే ఉంది. నీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టం అనగానే అమ్మకు ఫోన్ చేశాను.

"బండిలో కాపురమేంటే, సర్కస్‌వాళ్ళలాగా?" అని మొదలుపెట్టి, ఇంటావిడ సంగతి విన్నాక మెత్తబడింది. "సరే, గుర్తు అడుగు. గొర్రెబొచ్చు కథ మర్చిపోయావా?"

ఎలా మర్చిపోతాను? యుద్ధానికి వెళ్ళడానికి భయపడ్డ ఒకాయన కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి, బొచ్చు మాత్రం తడిసి నేల పొడిగా ఉంటే నీ మాట నమ్ముతానని దేవునితో అన్నాడు. అలాగే జరిగింది. అయినా చాలక, మర్నాడు నేల తడిసి బొచ్చు పొడిగా ఉండాలన్నాడు. అదీ జరిగింది. అమ్మ చెప్పడం, నేను చుట్టూ చూడటం ఒక్కసారే జరిగాయి. స్లైగోలో గొర్రెబొచ్చుకు కరువా? ముళ్ళకంచెల నిండా వేలాడుతోంది. రెండు గుప్పిళ్ళు పీక్కొచ్చాను. శుక్రవారం సాయంత్రం ఓనర్లను అడిగి ఒక గుప్పెడు బండి పైకప్పు మీద, ఎగిరిపోకుండా రాయి పెట్టి ఉంచాను. ఇంకొకటి లోపల పక్క మీద పెట్టాను. పైది తడవాలి, లోపలిది పొడిగా ఉండాలి అని ప్రార్థించాను. (స్లైగోలో పైది తడవాలని ప్రార్థించడం సముద్రంలో ఉప్పుండాలని ప్రార్థించడమేనని అప్పుడు తోచలేదు.)

శనివారం పొద్దున పైబొచ్చు పిండితే గ్లాసుడు నీళ్ళు వచ్చాయి. లోపలిది దూదిలా ఉంది. నా ఒళ్ళు జలదరించింది. తాత కూడా టోపీ వెనక్కి నెట్టి, "తడి కనిపెట్టడానికి డాక్టర్ల పద్ధతా ఇది? భలేగా ఉంది" అన్నాడు. అవునన్నట్టు తలాడించాను. (ఆ పాపం తర్వాత ఒప్పుకున్నాను.) కానీ అమ్మ ఊరుకోదే. "సగం గుర్తు గుర్తు కాదమ్మా. రెండోరోజు తిరగేసి అడగాలి." నేనూ బుద్ధిగా మళ్ళీ రెండు గుప్పిళ్ళు తెచ్చి పెట్టి, ప్రభువా, రేపు పైది పొడిగా, లోపలిది తడిగా ఉండాలని మోకాళ్ళూని అడిగాను. మోటర్‌హోమ్ కొనబోయే మనిషి ఎలాంటి ప్రార్థన చేయకూడదో సరిగ్గా అదే చేశాను.

ఆదివారం పొద్దున ఆకాశం కడిగినట్టుంది. రాత్రి చినుకు లేదు, గాలి మాత్రం వీచింది. పైబొచ్చు పొడి. తలుపు తీసి పక్క మీద చెయ్యి పెట్టాను. తడి! అక్కడే కంకర మీద మోకాళ్ళ మీద పడిపోయి, "స్తోత్రం ప్రభువా, స్తోత్రం!" అని తెలుగులో అరిచాను. నా వెనక తాత ముఖం పాలిపోయింది.

"లోపల తడిసిందా? నా వేలికి అందని కన్నం ఉందన్నమాట. పద పోదాం, ఈ బండి వద్దు."

"కాదు, ఇదే! ఇదే నాకిచ్చిన బండి!"

"నీకేమైనా మతిపోయిందా? తడి పిల్లా, తడి!"

యాభై ఏళ్ళు చేసిన పని మీద దెబ్బ పడ్డట్టయింది ఆయనకు. ఓనరు అనుమతి అడిగి, టార్చి పట్టుకుని లోపలికి దూరాడు. పక్క పలకలు ఎత్తాడు, ప్రెస్సుల సొరుగులు లాగాడు, గోడ రేకు ఒకచోట ఊడదీశాడు. గంట గడిచింది. సణుగుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. తర్వాత ఆయన బయటికి దిగి, దూరంగా జరిగి, "నువ్వెళ్ళి చూడు" అని టార్చి మెట్టు మీద పెట్టాడు.

పక్క కింద, పలకలు మూసేస్తే ఎవరి కంటా పడని చోట, ప్రతి చెక్క అంచూ గుండ్రంగా నునుపుగా చెక్కి ఉంది. ప్రతి అతుకూ గోరు దూరనంత బిగువుగా ఉంది. స్క్రూలు, వరసన ముప్పయ్యో నలభయ్యో, అన్నింటి తలల మీది గీతలూ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి, సంఘమంతా ఒక్కసారి తల వంచినట్టు. వాటిని అలా తిప్పినందువల్ల బండికి ఒరిగేదేమీ లేదు. చూసేవాళ్ళు లేరు. అయినా ఒక మనిషి వంగి కూర్చుని, ఒక్కొక్కటే సరిచేశాడు. రహస్యమందు చూసే తండ్రి గురించి పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఆయన ఏం చూస్తూ ఉంటాడో మొదటిసారి నాకు ఆ టార్చి వెలుగులో కనబడింది. ఏడుపొచ్చింది. ప్రార్థిద్దామంటే మాట రాలేదు.

అప్పుడే ఓనరు భార్య బట్టల బుట్టతో బయటికొచ్చింది. "నీ బొచ్చు ఆరిందా తల్లీ? దిండుకేమో అనుకున్నాను. నిండా పెంటికలే ఉంటే పొద్దున్నే నాలుగు నీళ్ళలో జాడించి మళ్ళీ అక్కడే పెట్టాను."

తాత నా వైపు చూశాడు. ఇక దాచలేక కథంతా చెప్పేశాను, డాక్టర్ల పద్ధతి కాదన్నదీ కలిపి. "అంటే, బండి కారాలని దేవుణ్ణి అడిగావా?" అన్నాడు. "కారే బండ్లు ఈ కౌంటీ నిండా ఉన్నాయి పిల్లా. దానికి ఆయన్ని ఇబ్బంది పెట్టక్కర్లేదు."

అమ్మ మాత్రం చలించలేదు. "ఎవరు కడిగితేనేం, తడిసిందా లేదా?" అంది. కానీ నేను ఆ బండి తీసుకున్నది తడిసినందుకు కాదు. ఆ స్క్రూలు చూసి తీసుకున్నాను. అదే సాయంత్రం తాత దాన్ని పెరట్లోకి తోలి పెట్టాడు. సోమవారం నేను వార్డు నుంచి వచ్చి ఇంటి తలుపు ముట్టుకోకుండా నా తలుపు తీసుకున్నాను.

ఏడాది ఆ బండిలో ఉన్నాను. వానలు కురిశాయి, తుఫానులు వచ్చాయి. ఒక్క చుక్క లోపలికి రాలేదు. వార్డులో ఎవరైనా పోయిన రోజున ఆ చెక్క గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. ఇంటావిడ వంటింటి కిటికీ అవతల, నేను బండి కిటికీ ఇవతల కూర్చుని ఫోన్లో మాట్లాడుకుంటూ టీ తాగేవాళ్ళం. ఆవిడకు దగ్గు వచ్చినప్పుడల్లా నా కప్పు సగంలో ఆగిపోయేది. అది ఎప్పటి దగ్గే అని తేలేదాకా తాగలేకపోయేదాన్ని.

చివరికి ఆవిడకు రెండు టీకాలూ పడ్డాయి. టీకా పనిచేయడానికి ఆగమన్న వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం వెనక తలుపు బార్లా తీసి, కర్ర ఆనుకుని నిలబడి, "రా" అంది. ఏడాదిగా ఆ మాట కోసమే ఎదురుచూసిన నేను, గడప దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

"ఒక్క నిమిషం. ప్రార్థన చేసి వస్తాను."

"లోపలికొచ్చి చేసుకో" అంది ఆవిడ, నా మణికట్టు పట్టుకుని లాగుతూ. "టీ చల్లారిపోతోంది."

ఇప్పుడు నా దగ్గరికి జూనియర్ డాక్టర్లు వస్తుంటారు, ఏదో ఒకటి తేల్చుకోలేక గుమ్మంలో నిలబడి. ఎవరికీ గుర్తులు అడగమని చెప్పను, అడగవద్దనీ చెప్పను. కుర్చీ చూపించి టీ పోస్తాను. వాళ్ళు వెళ్ళాక మాత్రం, ఆ గడప మీద కళ్ళు మూసుకోబోయిన పిల్ల గుర్తొచ్చి నవ్వు వస్తుంది. అప్పటికే లోపలికి లాగేశారని దానికి తెలియలేదు, పాపం.