బిగించకూడని చోట

రాష్ట్రం రెండయిన కొన్నేళ్ళకు, గండికోట రిజర్వాయరులో నీళ్ళు నిలవడం మొదలైన కాలంలో, నన్ను పులివెందుల బస్సు డిపోకు గ్యారేజీ ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. ఏ బస్సు రోడ్డెక్కాలో, ఏది షెడ్డులోనే ఉండాలో చెప్పే చివరి మనిషి ఫోర్‌మన్. సరేనంటే అతను ఎవరికీ గుర్తుండడు. వద్దంటే డ్రైవరు మొదలు మేనేజరు దాకా అందరికీ కంటగింపే. ఉద్యోగంలో సగం కాలం నేను వద్దనే అన్నాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఉదయం మేనేజరు గారు పిలిపించి, డిపో గేటు పక్కన ఒక విదేశీ లారీ ఆగిపోయిందని, చూసి రమ్మని చెప్పారు. మన బండి కాదు కదా అని సణుక్కుంటూనే వెళ్ళాను.

అది పాత సైనిక లారీ, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. వెనక తొట్టి తీసేసి దాని స్థానంలో గదిలాంటి పెట్టె కూర్చోబెట్టారు. లోపల పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు ఉన్నాయి. యజమాని హానెస్ అరవై దాటిన జర్మన్ మనిషి. భార్య పేరు మార్తా. సొంత ఊళ్ళో ఇల్లు అమ్మేసి ఈ బండి కట్టుకుని, దేశాలు దాటుకుంటూ ఇక్కడిదాకా వచ్చారు. వాళ్ళకు ఇంకో ఇల్లు లేదు. పైగా బండి మన దేశంలో తిరిగేది తాత్కాలిక అనుమతి మీద. గడువులోగా చెన్నైలో ఓడ ఎక్కించాలి. ఇక్కడ అమ్ముకోవడానికి వీల్లేదు.

హానెస్ పనిమంతుడని రెండు మాటల్లోనే తెలిసిపోయింది. బండి ఆపిన ప్రతిచోటా దిగి, నాలుగు చక్రాల నడిమధ్య ఉండే హబ్బుల మీద అరచెయ్యి పెట్టి చూసేవాడట. ఒకటి మిగతావాటికంటే ఎక్కువ కాలుతుంటే లోపల బేరింగు పాడవుతోందని అర్థం. ఇదే పని మా డిపోలో చేయించడానికి నాకు నోరు నొప్పెట్టేది. అలాంటి మనిషి బండికి ఏమై ఉంటుందా అనుకుంటూ కిందికి దూరాను.

క్యాబిన్ వెనకాల ఎడమవైపు చాసిస్ పగిలింది. చాసిస్ అంటే బండికి వెన్నెముక, రెండు పొడవాటి ఉక్కు పట్టాలు. పగులు అడుగు అంచున మొదలై సగానికి పైగా పైకి పాకింది. కుడివైపున కూడా సన్నని గీత కనబడింది. రెండూ కొత్తగా వేసిన వెల్డింగు దగ్గరే మొదలయ్యాయి. దాని పక్కన మొద్దుల్లాంటి చెక్కలు దూర్చి, యూ బోల్టులతో పెట్టెను చాసిస్‌కు బిర్రుగా కట్టేశారు. సిమెంటు, నాపరాళ్ళు మోసే లారీలకు మా వైపు వేసే కట్టు అది. ఆ బండికి పుట్టుకతో వచ్చింది కాదు.

ఎవరు చేశారని అడిగాను. మార్తా లోపలికి తీసుకెళ్ళి గోడకు అంటించిన ఫోటో చూపించింది. ప్రొద్దుటూరులో కమాన్ కట్టలు, అంటే చక్రాల మీద కుదుపు ఆపే ఉక్కు పట్టీల దొంతరలు చేసే మస్తాన్, అతని భార్యాబిడ్డలు, మధ్యలో ఈమె. మస్తాన్ నాకు ఇరవై ఏళ్ళ పరిచయం. అతను కట్టిన కట్టు ఊడిందని నేనెన్నడూ వినలేదు.

జరిగింది ఇది. ప్రొద్దుటూరు చేరేసరికి వెనక కమాన్ కట్టలో పట్టీ ఒకటి విరిగింది. బండి మస్తాన్ షెడ్డులో పెట్టారు. అప్పటికే హానెస్ వాంతులు, విరేచనాలతో నీరసించి నర్సింగ్ హోములో సెలైన్ ఎక్కించుకుంటున్నాడు. మస్తాన్ పట్టీ మార్చాడు. మారుస్తూ చూస్తే, పెట్టె ముందుభాగం చాసిస్‌కు అంటకుండా ఊగుతోంది. ఊరుగాని ఊరు వచ్చినవాళ్ళు, మనిషి ఆస్పత్రిలో ఉన్నాడు, పైసా అడగకుండా బాగుచేసి పంపుదామని చెక్కలు దూర్చి, వెల్డింగు పెట్టి బిగించాడు. పెద్ద పని కాదనుకుని ఎవరికీ చెప్పనూ లేదు. నర్సింగ్ హోము నుంచి వచ్చిన హానెస్‌కు బండి కిందికి దూరి చూసే ఓపిక ఇంకా లేదు.

నిజానికి ఆ పెట్టె ఊగాలి. వెనక రెండుచోట్ల గట్టిగా, ముందు మధ్యలో అటూ ఇటూ తిరిగే ఒకే ఒక ఇరుసు మీద దాన్ని నిలబెట్టారు. ఒక చక్రం గుంతలో దిగినప్పుడు చాసిస్ మెలి తిరుగుతుంది, పెట్టె మాత్రం తిరగదు. రెండూ దేని దారిన అవి కదిలితేనే బండి బతుకుతుంది. ప్రొద్దుటూరు వదిలాక, కొండాపురం దగ్గర పాత మ్యాపు చూపిన రోడ్డు రిజర్వాయరు నీళ్ళలోకి దిగిపోయింది. వెనక్కి తిప్పుకోబోతే ఒక చక్రం పక్కనున్న వాగు వంకలో పడింది. పెద్ద చప్పుడు వచ్చిందని మార్తా చెప్పింది. మెల్లగా పులివెందుల దాకా నెట్టుకొచ్చారు.

మస్తాన్‌కు ఫోను చేశాను. మధ్యాహ్నానికల్లా వెల్డింగు సామాను ఆటోలో వేసుకుని దిగాడు. కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

“ఊగుతాంటే వదులైందనుకుంటి సారూ. యాడన్నా పక్కకు పడిపోతాదేమోనని బిగిస్తి. మంచికే చేస్తి.”

“ఆయమ్మను ఒక మాట అడిగింటే?” అన్నాను.

“ఏందని అడగల్ల సారూ? వదులుంటే బిగించేదే కదా మన పని.”

అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో.

హానెస్ నన్ను అడిగింది ఒక్కటే. వెల్డింగు చేస్తే ఈ బండిలో మళ్ళీ ప్రయాణం సాగించవచ్చా? పగులు కొసలో రంధ్రం వేసి దాన్ని అక్కడితో ఆపవచ్చు, లోతుగా వెల్డింగు చేసి పక్కన పలకలు వేయవచ్చు. మా లారీలవాళ్ళు అలాగే లాగిస్తారు. కానీ అది కాచి గట్టిపరచిన ఉక్కు, మళ్ళీ వేడి తగిలితే ఆ బలం తిరిగి రాదు. ఏదో ఒక ఘాట్ రోడ్డులో ఇద్దరితో సహా రెండు ముక్కలు కావచ్చు. ఆ ఇద్దరి ముఖాలూ చూసి సరే అనాలనిపించింది. వద్దన్నాను. ట్రెయిలర్ మీద చెన్నై చేర్చి ఓడ ఎక్కించమన్నాను. హానెస్ తల ఊపి, పెట్టె గోడ మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. నాకు చాలా బాధ వేసింది.

మస్తాన్ చేసిన పనేమిటో వాళ్ళకు దాచలేదు. హానెస్ అతని మీద కోప్పడలేదు. పెట్టె కింది ఆ ఇరుసు పక్కన బిగించవద్దని రాసి పెట్టవలసింది తనేనని అన్నాడు. ట్రెయిలర్ వచ్చిన రోజు మస్తాన్ మళ్ళీ వచ్చి, చక్రాలకు గొలుసులు తనే వేశాడు. ఒక్కో గొలుసు బిగించే ముందు హానెస్ వైపు చూసి, అతను తల ఊపాకే బిగించాడు.

కొన్ని నెలలకు మార్తా నుంచి మెయిల్ వచ్చింది. చాసిస్ పనికిరాదని జర్మనీలో తనిఖీవాళ్ళు తేల్చారట. లారీని తుక్కుకు ఇచ్చేశారు. పెట్టెను ఎవరో తెలిసినవాళ్ళ పెరట్లో దించుకుని, అద్దె గదిలో ఉంటున్నారు.

ఆ తరువాత నా డిపోలో ఒక పద్ధతి పెట్టాను. కావాలని వదులుగా ఉంచిన ప్రతి భాగానికీ పసుపు రంగు పూయించాను. రంగు లేనిది వదులుగా కనిపించినా, ఎందుకలా ఉందో తెలుసుకోకుండా స్పానర్ పెట్టకూడదన్నాను. పనిలో నేర్పు ఉన్నవాడే ఈ పొరపాటు చేస్తాడు, చేతకానివాడికి ఆ వదులు కంటికే ఆనదు. ఈ ఉదంతం నాకు నేర్పింది అంతే.

రిటైరయ్యాక కూడా ప్రొద్దుటూరు వెళితే మస్తాన్ షెడ్డుకు వెళుతుంటాను. మొదట్లో “ఆ బండి మళ్ళా బయలుదేరిందా సారూ?” అని అడిగేవాడు. మెయిల్ సంగతి చెప్పినప్పటి నుంచి అడగడం మానేశాడు. ఇప్పుడు ఏ బండి వచ్చినా, అరిగిన బోల్టయినా సరే, స్పానర్ పట్టుకుని డ్రైవరును పిలుస్తాడు.

“ఇది ఆడాల్నా, నిలబడాల్నా అప్పా?”

ముసలోడికి పని మరుపొచ్చిందని లారీవాళ్ళు నవ్వుకుని పక్క షెడ్డుకు పోతున్నారు. అతను మాత్రం అడగకుండా ఏదీ బిగించడం లేదు.