భుజానికి బామ్మర్ది వైద్యం

నా తెలివితేటల మీద మీకేమైనా గౌరవం ఉంటే ఇక్కడే చదవడం ఆపేయండి. చివరిదాకా వస్తే అది మిగలదు. తెలుగు నేతవాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో మా గల్లీవాళ్లకు ఇప్పటికే మిగల్లేదు.

రెండేళ్ల కిందట పవర్‌లూమ్ మీదికి పడుగు చుట్టిన బీము ఎత్తుతుంటే నా కుడి భుజంలో ఏదో పటుక్కుమంది. చద్దర్లు నేసే చెయ్యి తల దువ్వుకోవడానికి కూడా లేవలేదు. లోపల కండ కాస్త చిరిగిందని, ఆరు వారాలు బరువు ఎత్తకుండా ఉంటే అదే తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. అన్నాళ్లు కూర్చుంటే సేటు నా మగ్గాలను ఇంకొకరికి అప్పగిస్తాడని నా భయం.

అప్పుడు దిగాడు మా బామ్మర్ది శీను. హోట్గి రోడ్ వైపు జిమ్‌లో చేరినప్పటి నుంచి వాడు గుమ్మంలోకి పక్కకు తిరిగి వస్తాడు. పెప్టైడ్ అనే సూది మందు ఉందని, పొట్ట మీద పొడుచుకుంటే తెగిన పోగు అతికినట్టు కండ అతుక్కుంటుందని, జిమ్‌లో అందరూ దాన్నే మెచ్చుకుంటున్నారని చెప్పాడు. వైద్యో నారాయణో హరిః అన్నారు పెద్దలు. బామ్మర్దీ నారాయణో హరిః అన్నాను నేను.

మా ఆవిడ పద్మ బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"డాక్టర్ రాసిండా?"

"శీను చెప్పిండు."

"వాడు పదో తరగతి రెండుసార్లు రాసిండు. మందులెప్పుడు రాసిండు?"

నేను వింటేనా. పార్సిల్ తెప్పించాను. సూదులతో పాటు రెండు చిన్న సీసాలు వచ్చాయి. ఒకదాంట్లో నీళ్లలాంటి మందు. రెండోది ఖాళీ, అడుగున మాత్రం సున్నం అంటినట్టు తెల్లగా ఏదో ఉంది. పరిశోధన కోసమే తప్ప మనుషులకు కాదని దాని మీద ఇంగ్లీషులో చీమతలంత అక్షరాలు ఉంటాయట, నేను చూడలేదు. సేటును సెలవు అడగడానికి కార్ఖానాకు వెళ్లి, ఎలా వాడాలో అక్కడి నుంచే శీనుకు ఫోను చేశాను. మగ్గాల చప్పుడులో నాకు రెండే మాటలు అందాయి: "నీళ్లు", "పొడువు". ఇంత సులువా అనుకొని, ఖాళీ సీసాను చెత్త ఎత్తుకుపోయే కచరా గాడీలో పడేసి, నీళ్ల సీసాను ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను.

మొదటి రోజు సూదిని చూసి కాసేపు ఫ్రిజ్‌ను కౌగిలించుకొని నిలబడ్డాను. మూడో రోజుకు ధైర్యం, వారానికి గర్వం వచ్చాయి. సూదులు అయ్యేదాకా బరువు ముట్టుకోవద్దని పద్మ షరతు పెట్టి, నీళ్ల బిందె కూడా ఎత్తనివ్వలేదు. ఇరవయ్యో రోజున చెయ్యి తల మీదికి లేచింది. దండెం మీది టవళ్లన్నీ ఆ ఒంటి చేత్తోనే తీసి గల్లీ అంతటికీ చూపించాను.

ఇంకేముంది, ఆదివారం పొద్దున మోకాళ్ల నొప్పుల రాజవ్వ ముందు, నడుములు పట్టేసినవాళ్లు వెనక, మా గడప ముందు వరస కట్టారు. నేను కుర్చీలో కూర్చొని పెప్టైడ్ గురించి నాకు తెలియనిదంతా వివరించాను. అందరికీ తెప్పించి నా చేత్తోనే పొడుస్తానని మాట కూడా ఇచ్చాను. అప్పుడే శీను వచ్చి ఫ్రిజ్ తెరిచాడు.

"బావా, మందు కలిపిన సీస ఏది? ఈడ ఉత్త నీళ్లే ఉన్నయ్."

"ఏం మందురా?"

"రెండో సీసల తెల్లగ ఉంటది సూడు, గదే అసల్ మందు. పొడిల నీళ్లు కలిపినంక పొడువుమంటి గద."

"అది ఖాళీ సీస గదరా. కచరా గాడీల ఏసిన."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. నా విషయంలో ఒంట్లోకి పోయిందీ నీళ్లే, పరువు పోయిందీ నీళ్లలోకే.

పద్మ బీడీల చాటను పక్కకు జరిపింది. "నీళ్లు పన్జేసినయో, ఇరవై దినాలు ఆరామ్‌గ కూసోవెట్టిన నేను పన్జేసిన్నో, అందరికి నువ్వే చెప్పు."

చెప్పాను. చెప్పక చస్తానా.

మర్నాడు భయం పట్టుకొని డాక్టరు దగ్గరికి పోయి అంతా ఒప్పుకున్నాను. ఆ పొడి మనుషుల మీద సరిగా పరీక్షించింది కాదని, అందులో అసలు ఏం కలిపారో ఎవరికీ తెలియదని, పొడిచిన చోట చీము పట్టకపోవడమే నా అదృష్టమని, తగ్గింది విశ్రాంతి వల్లేనని చెప్పి, చివరికి అన్నాడు: "నువ్వు చేసిన వైద్యంల ఒక్కటే తెలివిగల్ల పని. మందు పారేసినవ్."

ఇంటికొస్తే రాజవ్వ గడపలో కూర్చొని ఉంది. అది ఉత్త నీళ్లే, నన్ను క్షమించమని చేతులు జోడించాను. ఆమె చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి లాక్కుంది.

"మందంటే భయమైతుండె బిడ్డా. నీళ్లే అయితే మంచిదే. మోకాలికొక్కటి పొడువు."

అందుకే మా నేతవాళ్ల దేవుడు మార్కండేయస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను: బతికినన్నాళ్లు మళ్లీ సూది పట్టను. మొన్న ఊడిన గుండీ కుట్టుకొమ్మని పద్మ సూదీ దారం ఇచ్చినప్పుడు కూడా, ఈ ఒట్టు గుర్తుచేసే తప్పించుకున్నాను.