నాలుగో బ్యాండు

శైలజ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా అందుకు తగిన మనిషిని నేను కాను. అయినా రాస్తున్నాను. ఆమె జీవితంలో ఒక ఉదయం ఏం జరిగిందో నాకొక్కడికే తెలుసు, తెలిసి కూడా పన్నెండు రోజులు నోరు మూసుకుని తిరిగాను.

నా పేరు యజ్ఞనారాయణ. తణుకులో ముప్ఫై మూడేళ్ళు కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పి, రిటైరయ్యాక గుండ్లపోచంపల్లిలో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డాను. పరీక్ష హాల్లో నేనున్నానంటే చీటీలు గేటు బయటే పారేసి వచ్చేవారని నాకు పేరు. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. ఇక్కడికి వచ్చాక మోకాళ్ళు మొరాయించాయి, షుగర్ పట్టుకుంది. నీళ్ళలో నడవమన్నాడు డాక్టరు. మా కాలనీలో స్విమ్మింగ్ పూల్ ఉంది. అక్కడ పిల్లలకి ఈత నేర్పడానికి శైలజ ఉంది.

అప్పుడామెకి ఇరవై నాలుగేళ్ళు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే గాలయ్య కూతురు. నడక రాకముందే ఈత వచ్చిందని తల్లి యాదవ్వ చెప్పుకునేదట. అరవై ఆరేళ్ళ వయసులో నేను ఛాతీ లోతు నీళ్ళలో కడ్డీ పట్టుకుని వణుకుతుంటే దగ్గరికొచ్చి, "సార్, నీళ్ళు మిమ్ముల ఏమంటలేవు. మీరే నీళ్ళను కొడుతుండ్రు. జర సల్లగుండుండ్రి" అంది. నన్ను అలా మందలించినవాళ్ళు మా ఆవిడ కామేశ్వరి తరవాత ఆ పిల్ల ఒక్కతే.

మా కాలనీలో ఒకాయన టీషర్టు మీద ఈదే మనిషి, సైకిల్ తొక్కే మనిషి, పరిగెత్తే మనిషి బొమ్మలున్నాయి. "గిదేంది?" అని అడిగింది శైలజ. ట్రయాథ్లాన్ అన్నాడాయన. కిలోమీటరున్నర ఈత, ఒడ్డుకి రాగానే నలభై కిలోమీటర్లు సైకిలు, అది దిగగానే పది కిలోమీటర్ల పరుగు. మధ్యలో విశ్రాంతి లేదు. "గంతేనా?" అంది. ఆయన నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

రోజూ శామీర్‌పేట నుంచి మేడ్చల్ మీదుగా మా కాలనీకి సైకిల్ మీదే వచ్చేది. తెల్లారకముందే బయల్దేరి, కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సుల రద్దీ మొదలయ్యేలోపు దాటేసేది. సెలవు రోజున లాల్‌గడి మలక్‌పేట్ వైపు పరుగు. ఈత ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదటి ఏడు రేసులో నీళ్ళలోంచి ఆడవాళ్ళందరిలోకీ ముందు బయటికి వచ్చింది. సెకండ్ హ్యాండ్ సైకిలు ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర చైను తెంపుకుంది. సైకిల్ని నడిపించుకుంటూ, చివరికి భుజాన వేసుకుని వచ్చింది. అప్పటికే గడువు దాటి తొమ్మిది నిమిషాలైంది. రెండో ఏడు, రేసు ఇరవై రోజులుందనగా సర్వీస్ రోడ్డులో ఆగి ఉన్న కారు తలుపు ఎవరో చూసుకోకుండా తెరిచారు. కాలర్ బోన్ విరిగింది. ఆ చేతిని మెడకి కట్టుకునే పూల్ గట్టున కూర్చుని పిల్లల మీద కేకలేసేది. "బాధగా లేదా అమ్మా?" అంటే, "మస్తున్నది సార్. కానీ ఏడిస్తే ఎముక అతుకుతదా?" అంది.

మూడో ఏడు రేసు ఆమెకి అంతకు ముందు రెండింటిలాంటిది కాదు. శామీర్‌పేట అవతల ఒక రెసిడెన్షియల్ స్కూలువాళ్ళు కోచ్ కోసం వెతుకుతున్నారు. పర్మనెంట్ ఉద్యోగం, తల్లిదండ్రులతో ఉండటానికి క్వార్టర్స్. శైలజ వాళ్ళకి నచ్చింది. కాకపోతే ట్రయాథ్లాన్ పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ ఒకటి నెలాఖరులోగా తెమ్మన్నారు. అది చేతిలో పడితే తల్లిని కూలికి పంపక్కర్లేదని ఆమె లెక్క.

రేసు నడిపేది వీరేందర్ అనే కుర్రాడి క్లబ్బు. సాయానికి మనుషులు కావాలంటే శైలజే నా పేరు చెప్పింది. "లెక్కల సార్‌ను కూసోబెట్టుండ్రి అన్నా. ఆయనుంటే లెక్క తప్పది" అందట. ఆ మాట వీరేందర్ నాతో చెప్పినప్పుడు నేను కాస్త పొంగిపోయాననే చెప్పాలి.

నా పని చాలా చిన్నది. పరుగు నాలుగు చుట్లు. ప్రతి చుట్టులోనూ దూరపు మలుపు దగ్గర నేను కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ చేతికి ఒక రబ్బరు బ్యాండు తొడగాలి. చివర్లో చేతికి నాలుగు ఉంటే రేసు పూర్తయినట్టు. పొద్దున్నే అందరినీ నిలబెట్టి చెప్పాను కూడా: "ఈ బ్యాండ్ల డబ్బాలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. బ్యాండు నేనే తొడగాలి. తమంతట తాము తీసుకున్నట్టు తెలిస్తే పేరు కొట్టేయిస్తాను." శైలజ ముందు వరసలో నిలబడి తలూపింది.

ఆ రోజు బాగా ఎండ కాసింది. తొమ్మిదిన్నర అయ్యేసరికి పరిగెత్తేవాళ్ళు పలచబడ్డారు. శైలజ మూడుసార్లు వచ్చి మూడు బ్యాండ్లు తొడిగించుకుని వెళ్ళింది. మూడోసారి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "ఇంకొక్కటే సార్" అంది. తరవాత రోడ్డు ఖాళీ అయింది.

రోడ్డుకి అవతల టిఫిన్ బండి ఉంది. పొద్దుట్నుంచీ మైసూర్ బోండాల వాసన నన్ను చంపుతోంది. షుగర్ వచ్చాక కామేశ్వరి నన్ను వాటి ఛాయలకి కూడా పోనివ్వలేదు. ఆవిడేమో ముగింపు గీత దగ్గర నీళ్ళ సీసాలు అందిస్తోంది, కిలోమీటరు పైగా దూరం. డబ్బా కుర్చీలో పెట్టి రోడ్డు దాటాను. రెండు నిమిషాల పని అనుకున్నాను. బండివాడు వాయి అప్పుడే నూనెలో వేశాడు. దిగేదాకా నిలబడ్డాను.

మొదటి బోండా నోట్లో పెట్టుకుని ఇటు తిరిగేసరికి, మలుపు తిరిగి వెళ్ళిపోతున్న పసుపుపచ్చ బనీను కనబడింది. శైలజ. కుర్చీ దగ్గర ఆగిందట, నాకోసం చుట్టూ చూసిందట, "సార్" అని పిలిచిందట. ఇదంతా తరవాత తెలిసింది. డబ్బా ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. మూత కూడా లేదు. అయినా చెయ్యి పెట్టలేదు. నేను పిలుద్దామనుకున్నాను. నోట్లో సలసల కాగే బోండా ఉంది. మింగేసరికి ఆమె దూరమైపోయింది. ఫరవాలేదు, చివర్లో నేనే చెబుతానులే అనుకుని, సిగ్గులేకుండా మిగతా బోండాలు కూడా తిన్నాను.

నేను తిరిగి వెళ్ళేసరికి ముగింపు గీత దగ్గర ఇరవై మంది దాకా గుమిగూడి ఉన్నారు. శైలజ చెయ్యి చాపి నిలబడింది. మూడే బ్యాండ్లు. "నేను నాలుగు తిరిగిన అన్నా. ఆడ కుర్చీల ఎవ్వలు లేకుండె. డబ్బా ఉండె, సార్ లేడు" అంటోంది. పక్కన గాలయ్య, మెడలో తువ్వాలు. అటుపక్క కామేశ్వరి, చేతిలో నీళ్ళ సీసాతో నావైపే చూస్తోంది.

"సార్, మీరు మధ్యల ఎటన్న పోయిండ్రా?" అని అడిగాడు వీరేందర్.

ఎంత సులువైన ప్రశ్న! ముప్ఫై మూడేళ్ళు ఇలాంటి ప్రశ్నలే పిల్లల్ని నిలబెట్టి అడిగాను. "నేను కుర్చీలోంచి కదల్లేదు" అన్నాను.

అనేశాక వెనక్కి తీసుకోవడానికి ఒక్క క్షణం దొరికింది. శైలజ నావైపు చూసింది. ఆ కళ్ళలో కోపం ఉంటే బాగుండేది. ఆలోచిస్తోంది, గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తోంది. ఈలోగా గాలయ్య అందుకున్నాడు: "పెద్దసారు జూటా మాట్లాడ్తడానే? నీకు చాతగాకుంటే గమ్మునుండు. గాయన మీద పెడ్తవా?"

"లేదు బాపూ," అంది శైలజ, మెల్లగా. "సార్ అబద్ధం చెప్పడు. ఎండకు నా దిమాక్ పని జెయ్యలేదేమో. మూడే తిరిగిన కావచ్చు." వీరేందర్ కాగితం మీద ఆమె పేరు కొట్టేశాడు. ఆమె నాకు నమస్కారం పెట్టి, సైకిల్ తీసుకుని వెళ్ళిపోయింది.

రేపు చెబుదాం అనుకున్నాను. రేపు వచ్చింది. ఎల్లుండి వచ్చింది. కామేశ్వరికి తెలిస్తే పరువు పోతుందని ఒక రోజు, వీరేందర్ ఏమనుకుంటాడోనని ఒక రోజు, ఇప్పుడు చెప్పినా ఒరిగేదేముందిలే అని ఇంకో రోజు. తప్పు చేసినవాడికి సాకులు దొరకడం ఎంత తేలికో నాకు ఈ వయసులో తెలిసింది. పూల్‌కి వెళ్ళడం మానలేదు. మానితే అనుమానం వస్తుందని వెళ్ళేవాణ్ణి. శైలజ ఎప్పటిలాగే నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగేది. నేను నీళ్ళకేసి చూస్తూ జవాబు చెప్పేవాణ్ణి.

పదకొండో రోజు ఆమె ముంజేతి మీద పెన్నుతో గీసిన గీతలు చూశాను. ఒక్కో గీత, వరసగా.

"ఏంటమ్మా అవి?"

"లెక్క సార్. పిల్లలు ఎన్నిసార్లు ఈదిండ్రో, నేనెన్నిసార్లు ఈదిన్నో గీతలు వెట్టుకుంటున్న. నా మీద నాకు భరోస పోయింది ఇగ." ఏడవలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. మతిమరుపుకి మందు వేసుకుంటున్నానన్నంత మామూలుగా చెప్పింది. నేను ఆ పిల్ల సర్టిఫికెట్ ఒక్కటే లాక్కున్నాననుకున్నాను. నాలుగు చుట్లు తిరిగిన కాళ్ళు ఆమెవి, వాటి మాట ఆమే నమ్మకుండా చేశాను.

ఇంటికి వెళ్ళి కామేశ్వరితో చెప్పేశాను. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి అంతా విన్నది.

"బోండాలు తిన్నారని తెలిస్తే నేనేం చేసేదాన్నండీ? రెండు రోజులు సణిగేదాన్ని. దానికోసమా ఆ పిల్లని అంతమందిలో దొంగని చేశారు?" అంది. తరవాత ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. షుగర్ మాత్ర మాత్రం వేళకి తెచ్చి బల్ల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్నే వీరేందర్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. అతను చదివి, నా మొహంకేసి చూడలేక కంప్యూటర్‌కేసి చూశాడు. అయిదు నిమిషాల్లో ఫలితం సవరించి సర్టిఫికెట్ ప్రింటు తీసిచ్చాడు. పన్నెండు రోజులు నేను మోసిన బరువు దించడానికి పట్టింది అయిదు నిమిషాలు. అక్కణ్ణుంచే స్కూలుకి ఫోన్ చేశాను. నెలాఖరు దాటిపోయిందని, రెండు రోజుల కిందట వేరే ఆయన్ని తీసుకున్నామన్నారు.

శైలజ పూల్ గట్టున పిల్లల తువ్వాళ్ళు మడతపెడుతోంది. నిలబడే చెప్పాను. బోండాలతో సహా అన్నీ చెప్పాను. సర్టిఫికెట్ చాపాను. దాన్ని అందుకోలేదు.

"నేను నాలుగు ఉరికిన్నా సార్?"

"నాలుగమ్మా. నేను కళ్ళారా చూశాను."

"నిజంగ నాలుగు?"

"నిజంగా."

అప్పుడు ఏడ్చింది. చైను తెగినప్పుడు, ఎముక విరిగినప్పుడు ఏడవని పిల్ల, తువ్వాలు మొహానికి అడ్డంపెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఉద్యోగం పోయిందని కూడా చెప్పాను. తలూపింది. ఆ సంగతి ఆమెకి ముందే తెలుసు.

కాసేపటికి మొహం తుడుచుకుని, "నాకు చెప్పుడు కాదు సార్. మా బాపుకు చెప్పుండ్రి" అంది.

ఆ సాయంత్రమే ఆమె వెంట చెరువు దగ్గరికి వెళ్ళాను. గాలయ్య ఒడ్డున కూర్చుని వలలో చిక్కుకున్న నాచు తీస్తున్నాడు. శైలజ కాస్త వెనక నిలబడింది. నేను అతని ఎదురుగా నేల మీదే కూర్చుని, "గాలయ్యా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. నీ కూతురు చెప్పిందే నిజం" అన్నాను. మిగతాదీ చెప్పాను. అతను తిడితే పడదామని సిద్ధపడే వచ్చాను. కొట్టినా సరే అనుకున్నాను.

గాలయ్య చేతులు ఆగిపోయాయి.

"మీరట్ల అనంగనే నమ్మిన సార్" అన్నాడు. "సదువు చెప్పిన సారు, ఎందుకు అబద్ధమాడ్తడు అనుకున్న. ఇంటికొచ్చినంక దాన్ని మస్తు తిట్టిన. పదిమందిల నా ఇజ్జత్ తీసినవన్న. గా దినం సంది దానితోని సక్కగ మాట్లాడలే. అది మూడేండ్ల సంది నా కండ్ల ముందట్నే ఉరుకుతాంది. నా బిడ్డ మాట నేనే నమ్మకపోతి."

"తప్పు నాది, నీది కాదు గాలయ్యా" అన్నాను. అతను విన్నట్టు లేదు. వల పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని లేచాడు.

"సార్, మీరిగ పోండ్రి. నేను నా బిడ్డతోని మాట్లాడాలె."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. అతను అప్పటికే నన్ను దాటి ఆమెకేసి నడుస్తున్నాడు. నేను మోకాళ్ళు పట్టుకుని లేచాను. శైలజ పక్కకి జరిగి నాకు దారి ఇచ్చింది.