నీలిమంట మీద ఫినాయిల్

ఫిల్మ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక కొత్తగా కట్టిన బయోగ్యాస్ ట్యాంకు దగ్గర రోజూ పొద్దున్నే ఫినాయిల్ వాసన గుప్పుమంటుంది. కుక్కలకు కూడా సెంటు కొట్టే మా ఇరుగుపొరుగుకు చెత్త కుళ్లే వాసన పడదట, అందుకని ట్యాంకులోనే పోయిస్తున్నారు. ఆ వాసన తగిలితే చాలు, నాకు మా నాయనమ్మ దగ్గు వినిపిస్తుంది.

ఈ కొండ దిగువనే, బండరాళ్ల నడుమ మాకు బర్రెల కొట్టం ఉండేది. బంగళాలకు పాలు పోసి వచ్చిన నాయన పేడ, నీళ్లు కలిపి గుంతలోకి వదిలితే, కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాన్ని తిని గ్యాసు చేసేవి. అది నిండేకొద్దీ గుంత మీది ఇనుప డ్రమ్ము ఎండాకాలం చురుగ్గా, చలికాలం బద్ధకంగా పైకి లేస్తుంటే, దానిమీద కూర్చుని నేనూ చెల్లీ విమానం ఆట ఆడేవాళ్లం. ఆ గ్యాసులో సగానికి పైగా మండే మీథేన్ అనీ, మిగతాది చాలావరకు మండని కార్బన్ డయాక్సైడ్ అనీ, ఆ కుళ్లిన గుడ్డు కంపు కాస్తంత హైడ్రోజన్ సల్ఫైడ్‌దనీ తర్వాతెప్పుడో బళ్లో చదివాను. అప్పటికి నాకు తెలిసిందల్లా, కట్టెల పొగకు ఉబ్బసం పట్టిన నాయనమ్మ, సద్దుల బతుకమ్మకు బెల్లం కలిపి ముద్దలు కట్టే మలీద కోసం, గొట్టంలో పొయ్యికి వచ్చిన ఆ గ్యాసు నీలిమంట మీద రొట్టెలు కాలుస్తూ దగ్గకుండా పాట పాడేదని.

ఒకసారి సినిమావాళ్లు మా కొట్టాన్ని పల్లెటూరుగా చూపించడానికి దిగారు. కొండ మీంచి కార్లలో వచ్చి పల్లెటూరు కనిపెట్టిన మహానుభావులు! నీలిమంట పల్లెటూరిలా లేదని నాయనమ్మ చేత కట్టెల పొయ్యి ఊదించారు. "ఇంకాస్త పొగ రావాలమ్మా, నాచురల్‌గా ఉండాలి" అన్నాడు మేనేజరు. హీరోయిన్‌కు పేడ వాసన పడదని కొట్టమంతా ఫినాయిల్‌తో కడిగించాడు.

"జర ఆపుండ్రి సారూ, గా నీళ్లు గుంతల పడుతున్నయి!" అని నాయన మొత్తుకున్నాడు.

"వాసన పోతుంది కదండీ, మంచిదేగా" అన్నాడు ఆ మేధావి.

గుంతలో సూక్ష్మజీవులు చచ్చాయి. డ్రమ్ము లేవలేదు. నాయన గుంత తోడి, మళ్లీ పేడ నింపి, గ్యాసు పట్టేదాకా ఆ వానాకాలమంతా నాయనమ్మ తడికట్టెలు ఊదింది. "పొగ గావాలన్నరు బిడ్డా, నాకే ఇచ్చి పోయిండ్రు" అన్నది దగ్గు మధ్యలో. బతుకమ్మ పండగనాటికి నీలిమంట మళ్లీ వెలిగింది. దాని ముందు కూర్చోవడానికి ఆమె లేదు.

ఇప్పుడు కొట్టం లేదు, బర్రెలు లేవు, బండలు పగలగొట్టి మేడలు లేపారు. నిన్న మీటింగులో మా సంఘం అధ్యక్షుడు, ఒకప్పటి నిర్మాత, "మంటే రావట్లేదండీ, ఈ బయోగ్యాస్ అంతా బోగస్" అని తేల్చేశాడు.

"ఫినాయిల్ పోయడం ఆపండి" అన్నాను.

"మరి వాసనో?" అన్నారు అందరూ ఒక్కసారే, ముక్కులు మూసుకుని.

ట్యాంకు చచ్చినా వాళ్లకేం, ఇంట్లో సిలిండరుంది. మా నాయనమ్మకు లేదు.