గౌరి జున్నుపాలు, నా పెద్దరికం

జున్ను పేరు వింటే నోరూరేవాళ్లు దీన్ని భోజనం తర్వాత చదవండి. ఒకే పూటలో మహాదాతనూ అయి, ఇంటింటా అడుక్కున్నవాణ్ణీ అయిన ఘనత నాది. మధ్యలో చర్చి దాకా కూడా వెళ్లొచ్చాను. నవ్వండి, ఏమీ అనుకోను. నాకు మాత్రం ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

పెళ్లయిన కొత్తలో నేనూ మా ఆవిడ సుజాతా సోమల దగ్గర, ఊరిని ఆనుకున్న మా పొలంలోనే కాపురం పెట్టి, ఓ పుంగనూరు ఆవును కొన్నాం. పేరు గౌరి. నా నడుమెత్తు కూడా ఉండదు. పాలూ దాని ఎత్తుకు తగ్గట్టే. అది చూలు కట్టిందో లేదో, నా వాలకం మారిపోయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు చూలైనా ఉంది కదా అని, ఆవు ఈనకముందే ఎదురైన ప్రతి ఒక్కరికీ జున్నుపాలు ఇస్తానని మాటిచ్చాను. టీ అంగట్లో, బస్సులో, చివరికి కరెంటు మీటరు చూడటానికొచ్చిన ఆయనకు కూడా!

ఒక ఆదివారం పొద్దున గౌరి ఈనింది. ఎర్రటి దూడ. పడుతూ లేస్తూ పొదుగు వెతుక్కుని కడుపారా తాగింది. నేను దాని ఫోటో తీసి, 'జున్నుపాలు రెడీ, రండి' అని స్టేటస్ పెట్టి చెంబు అందుకున్నాను.

సుజాత చెయ్యి పట్టుకుంది. "ఈనినాక పడాల్సిన మాయ ఇంకా పడలేదు కదప్పా! అది పడిందాకా పాలు పిండగూడదు అనేది మా అవ్వ. కడుపు కూడా సూడు, అట్లే ఉండాది."

"అది గడ్డి కడుపులే."

"గడ్డి కదుల్తుందా?"

"యాల అడ్డం పడతావు? దూడ తాగేసింది. జనం వస్తాండారు, నా మాట పోతుంది!"

పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండాను. పెళ్లికి చదివించిన, మా ఇద్దరి పేర్లూ చెక్కిన స్టీలు గిన్నెలన్నీ అటక మీంచి దింపి, తలా కొంచెం పోసి పంపాను. "మంచి మనసప్పా నీది" అంటుంటే నేల మీద కాలు ఆనలేదు. మా ఇంటికి చుక్క మిగల్లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!

చివరి గిన్నె గడప దాటగానే కొట్టంలోంచి సుజాత కేక. "ఏమప్పా! బిన్నే రా, ఇంకోటి వస్తాండాది!"

"పాలు అయిపోయినాయని సెప్పు!"

"చుట్టం కాదప్పా, దూడ!"

నల్లది. తల కూడా ఎత్తలేకపోయింది. గౌరి పొదుగు ఎంత పితికినా నురుగు తప్ప ఏమీ రాలేదు. పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

"మొదటి పాలే దానికి ప్రాణం. వెంటనే తాపకపోతే దక్కదు. పాలు యాడికి పోయినాయి?"

"ఊర్లోకి పోయినాయి సార్."

చెంబు పట్టుకుని పరిగెత్తాను. పక్కింటి రెడ్డెప్ప నన్ను ఎగాదిగా చూశాడు. "ఇచ్చినవాడే వచ్చి అడగడం నేను యాడా సూడలేదు. అయినా ఉడికిపోయిండాదే. ఒక ముక్క తింటావా?" తర్వాతి ఇంట్లో బెల్లం కలిపేశారు. ఆ తర్వాతి ఇంట్లో మిరియాలు కూడా దంచేశారు. ఊరంతా కమ్మటి వాసన. నాకు ఏడుపొచ్చింది. ఇక మిగిలింది సుగుణమ్మక్క ఒక్కతే. ఆమె పాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఇంటికి తాళం వేసి చర్చికి వెళ్లిందని పక్కవాళ్లు చెప్పారు.

పేడ అంటిన లుంగీతో చర్చి గుమ్మంలో నిలబడి రొప్పుతుంటే పాస్టరుగారు ప్రసంగం ఆపారు. "రా నాయనా. నీ భారమేందో చెప్పు."

"జున్నుపాలయ్యా. సుగుణమ్మక్క ఫ్రిజ్‌లో ఉండాయి."

చర్చంతా గొల్లున నవ్వింది. సుగుణమ్మక్క ఒక్కతే నవ్వలేదు. నా మొహం చూసి, ఇంకో దూడ పుట్టిందని వినగానే కొంగుముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. "బిన్నే పో నాయనా. ముందు దూడను సూడు."

ఆ పాలను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేశాం. సుజాత దూడ తలను ఒళ్లో పెట్టుకుని సీసాతో కొద్దికొద్దిగా తాపింది. చాలాసేపటికి మొదటి గుక్క మింగింది. బతికింది. కానీ కావలసిన పాలు వేళకు అందలేదు కదా, ఎర్రది గంతులేస్తుంటే ఇది గోడకు ఆనుకుని చూస్తూ ఉండేది. ఇప్పటికీ బక్కదే. దాన్ని నిమిరినప్పుడల్లా చేతికి ఎముకలు తగులుతాయి. నా తప్పే అనిపిస్తుంది.

మా వైపు ఇచ్చిన గిన్నెను ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు. సాయంత్రానికల్లా మా పేర్లు చెక్కిన గిన్నెలన్నీ ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. ప్రతి గిన్నెలోనూ ఏలకుల వాసనతో ఒక జున్ను ముక్క. సుజాత వాటన్నిటినీ నా ముందు వరసగా పెట్టింది.

"తినప్పా. నల్లదాని వాటా ఎట్లుండాదో ఊరంతా రుచి సూసింది. నువ్వొక్కడివే సూడలేదు."

ఒక్క ముక్కా నోట పెట్టలేదు. అందుకే గౌరి సాక్షిగా, ఆ గిన్నెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆవు ఈనిన రోజు మాయ పడిందాకా చెంబు ముట్టను, ఫోను ముట్టను. ఎవరైనా జున్ను అడిగితే, ముందు ఆ బక్కదాన్ని అడిగి చెబుతాను.